నా జాడీలో ఉన్నదేమిటో తెలిసిన శనివారం

మొన్న ఫిబ్రవరి నెల రెండో శనివారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, నాసిక్ ఊరి బయట ఒక ద్రాక్షతోటలో, కాళ్ళు నేలకందని ఎత్తు కుర్చీ మీద కూర్చుని, చేతిలో గాజుగ్లాసు పట్టుకుని వాసన చూసిన నేను, ముప్పై ఏళ్ళకు పైగా మా గుడికి నా చేత్తో చేసి ఇస్తున్నది ఏమిటో తెలుసుకుని కొయ్యబారిపోయాను. గంట ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటారేమో, ఎదురుగా గోడకి పెద్ద గడియారం ఉంది, పక్కనున్నవాళ్ళ మొహాలు చూసే ధైర్యం లేక దాన్నే చూస్తూ ఉండిపోయాను.

నాకిప్పుడు డెబ్బై నాలుగేళ్ళు. అక్షరాలు నలభై మూడో ఏట వచ్చాయి, అందుకని రాత కొంచెం వంకరగా ఉంటుంది, మాట మాత్రం మొదటినుంచీ తిన్నగానే ఉంటుంది, ఆ తిన్నదనం వల్ల ఎవరికేం మేలు జరిగిందో ఇప్పుడు అడిగితే నా దగ్గర జవాబు లేదు. నా ఈడువాళ్ళు చదువుతారని రాస్తున్నాను కాబట్టి ఆ రోజుల్లో సాయంత్రం బడి అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. మా ఊరు ఏలూరుకి దిగువన, కొల్లేరు నీళ్ళు వానాకాలంలో చేల గట్ల దాకా వచ్చి తొంగిచూసి వెళ్ళే చోట ఉంటుంది. పొలం పని ముగించుకుని, కాళ్ళ బురద కడుక్కుని, దీపాలవేళకి మా చర్చి గుడి వరండాలో చేరి, చాక్‌పీసు ముక్కతో ఓనమాలు దిద్దినవాళ్ళం పదిహేనుమంది ఆడవాళ్ళం. పలకలు తక్కువ, మేం ఎక్కువ. ఒకే పలక మీద దిద్దుకున్న ముగ్గురం మాత్రం ఇప్పటికీ విడిపోలేదు.

ఆ ముగ్గురిలో ఒకావిడ మా ఊరి పెద్దరైతు ఇంటి కోడలు, పుట్టిల్లు కామవరపుకోట, అందుకని ఆవిడ నాకు కోట వదినగారు. వాళ్ళ చేలో ఊడ్పులకి వంగిన రోజుల్లో అమ్మగారూ అని పిలిచేదాన్ని. ఒక సాయంత్రం తలమీద కొంగు కప్పుకుని, కుట్టుపని నేర్చుకోవడానికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి మా వరండాకి వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది, వారం తిరిగేసరికి అమ్మగారు కాస్తా వదినగారైపోయింది. రెండో ఆవిడ మా గుడి మనిషే, నాకంటే నాలుగేళ్ళు పెద్ద, తర్వాత రోజుల్లో కొడుకు దగ్గరికి తాడేపల్లిగూడెం వెళ్ళిపోయింది కాబట్టి గూడెం అక్క అంటాను. నోటికి తలుపు లేని మనిషి. ఆమె పక్కన నేనే సౌమ్యురాలిననిపించుకుంటాను.

చదువు వచ్చాక మేం చేసిన మొదటి పని, బడి ఆడవాళ్ళందరం వెళ్ళి మా ఊరి సారాకొట్టు ముందు బైఠాయించడం. తొమ్మిది రోజులు కూర్చున్నాం, వంటలు అక్కడే, పిల్లలకి పాలివ్వడాలు అక్కడే. పదో రోజు కొట్టు మూశారు. మా ఆయన అప్పటికి రెండేళ్ళ ముందే సారా తాగి తాగి పోయాడు, ఆయన పోయిన మంచం ఎదుటే నేను ఒట్టు పెట్టుకున్నాను, మత్తున్న చుక్క నా నాలుక మీద పడనివ్వననీ, నా చేతిమీదుగా ఒకరి నోట్లో పడనివ్వననీ. ఒట్టులో మొదటి సగం మొన్న ఆ శనివారం నేనే తెలిసి తెంపుకున్నాను. తెలియకుండా రెండు సగాలూ ముప్పై ఏళ్ళుగా నెలనెలా తెగుతూనే ఉన్నాయని కూడా ఆరోజే తెలిసింది.

మా గుళ్ళో నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె ముక్క, దాని వెనక చిన్న గ్లాసులో గుక్కెడు ద్రాక్షరసం. రొట్టె ఏలూరు నుంచి వచ్చేది, రసం మాత్రం మా అత్త చెయ్యి. మా అత్త దొరసానమ్మగారి బంగళాలో వంట చేసేది, దొరసానమ్మ ఓడెక్కి వెళ్ళిపోతూ ఆ రసం చేసే పద్ధతినీ, చేసే జాడీనీ మా అత్తకి వదిలి వెళ్ళింది, మా అత్త కన్నుమూస్తూ నాకు వదిలింది. మోకాలెత్తు పింగాణీ జాడీ, పైన గోధుమరంగు, లోపల తెలుపు. ఏలూరు మార్కెట్టులో నల్లద్రాక్ష ఏరి తెచ్చి, తడి లేకుండా తుడిచి, చేత్తో నలిపి, సగానికి సగం పంచదార వేసి, గుప్పెడు గోధుమలు, నాలుగు లవంగాలు వేసి, మూతికి పాతచీర ముక్క కట్టి వెనకగదిలో చీకట్లో పెట్టేదాన్ని. రోజూ స్నానం చేసి, తలమీద కొంగు వేసుకుని, చెక్క గరిటెతో ఒక్కసారి తిప్పి, ఇరవై ఒక్క రోజులకి వడకట్టి, మళ్ళీ ఇరవై ఒక్క రోజులు ఊరనిచ్చేదాన్ని. గరిటె పెట్టినప్పుడల్లా బుసబుసమని పొంగేది. చెవి దగ్గర పెడితే సన్నగా గుసగుస వినిపించేది. మా ఇంటి పిల్లలు అదేంటని అడిగితే ద్రాక్ష ప్రార్థన చేసుకుంటోందిరా, గోల చెయ్యకండి అనేదాన్ని. నేనూ అదే నమ్మాను. కూలికి పోయే మనిషిని, గుళ్ళో ముందు వరసలో కూర్చోవడానికి నాకున్న అర్హత ఆ జాడీ ఒక్కటే, పాస్టరు అయ్యగారైనా ఎదురొచ్చి ఏమమ్మా రసం సిద్ధమేనా అని అడిగేవారు. ఆ గర్వం సంగతి మీకు ముందే చెప్పేస్తున్నాను, దాన్ని పక్కన పెడితే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు.

ఇక మా తమ్ముడు. నాకంటే పద్నాలుగేళ్ళు చిన్న. మా అమ్మ పోయాక నా చంక దిగకుండా పెరిగినవాడు. కాలవ మీద లస్కరు పని, అంటే లాకు తలుపులు ఎత్తడం దించడం, నీళ్ళకి అడ్డం పడే తూడు లాగడం. మంచి పనివాడు, కానీ మా ఆయన వెంట తిరిగి తాగుడు మరిగాడు. మరదలు పసిపిల్లతో పుట్టింటికి పోయింది. ఊళ్ళో కొట్టు మూయించినా పక్క ఊరికి నడిచి వెళ్ళేవాడు. అలాంటివాడు ఒక ఈస్టరు నాడు గుళ్ళోకి వచ్చి, మోకాళ్ళమీద పడి, ఇక తాగనని అందరి ముందూ చెప్పాడు, చెప్పినట్టే నిలబడ్డాడు. మరదలు తిరిగొచ్చింది. పిల్ల బడిలో చేరి ఏటికేడూ పైతరగతి ఎక్కి పదోతరగతికొచ్చింది. అన్నేళ్ళూ వాడు ఒక్క చుక్క ముట్టలేదు.

అయితే బల్ల దగ్గర మాత్రం వాడు రొట్టె తీసుకుని గ్లాసు పళ్ళెం పక్కవాళ్ళకి అందించేసేవాడు. మొదట్లో ఒకటి రెండు నెలలు తాగి, ఆ తర్వాత మానేశాడు. చాలాకాలం నేను గమనించలేదు, గమనించాక ఊరుకోలేకపోయాను. ఎందుకురా అని అడిగితే ఒకరోజు మా వంటింటి గడప మీద కూర్చుని నెమ్మదిగా చెప్పాడు.

“అక్కా, కోప్పడకు. నీ జాడీలోదాంట్లో మత్తుందే. గుక్కెడే అనుకో. ఆ వాసనకే నా నాలిక లాగేత్తంది. ఆ ఆదివారం సాయంత్రం దాకా నా చేతులు నా మాట వినవు.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దొరసానమ్మ నేర్పిన రసంలో మత్తా? తలమీద కొంగు లేకుండా నేను ముట్టని జాడీలో మత్తా? దొంగనాలిక్కి అన్నీ సారాలాగే ఉంటాయిరా అన్నాను. మళ్ళీ మొదలెట్టి ఉంటావు, అందుకే ప్రభువు గిన్నె నీకు చేదవుతోంది అన్నాను. వాడు లేచి తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి మొదటి ఆదివారం తుఫాను వాన. గుళ్ళోకి పదకొండుమందిమే వచ్చాం. పళ్ళెం వాడి దగ్గరికి వచ్చింది, వాడు దాన్ని పక్కకి అందించబోయాడు, నేను ఆడవాళ్ళ వైపు నుంచి లేచి నిలబడి, మళ్ళీ తాగుడు మరిగినోడివి కాకపోతే ఆ గిన్నె అందరి ముందూ తాగి చూపించరా అన్నాను. వానచప్పుడులో వినపడదేమోనని గొంతు పెంచి మరీ అన్నాను. అయ్యగారు తల దించుకున్నారు. మరదలు నా వైపు చూసింది, ఆ చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది. వాడు నన్ను చూశాడు, గ్లాసు తీశాడు, కళ్ళు మూసుకుని తాగేశాడు. ఆ మధ్యాహ్నం వాడు భోజనానికి రాలేదు. సాయంత్రానికి వానలోనే కైకలూరు రోడ్డు మీద బ్రాందీషాపు పక్కన పడి ఉన్నాడని కబురొచ్చింది.

చూశారా, నేను చెప్పలేదా అన్నాను. అన్నదాన్ని ఊరుకున్నానా, పదకొండేళ్ళపాటు అదే మాట కనిపించినవాళ్ళందరికీ చెప్పాను. తర్వాత వాడు నాలుగేళ్ళు తాగాడు. లస్కరు పని పోయింది. పిల్ల పదోతరగతి పరీక్షలు రాయకుండానే రొయ్యలషెడ్డులో పనికి చేరింది. కుటుంబం ఆకివీడు దగ్గర చేపల చెరువుల కాపలాకి వెళ్ళిపోయింది. ఆపైన మళ్ళీ మానేశాడని ఎవరో చెప్పారు, మా గుమ్మం మాత్రం తొక్కలేదు, నేనూ వెళ్ళలేదు. ప్రభువు గిన్నెని అవమానించినవాడి ఇంటికి జాడీ మనిషి వెళ్ళడమేమిటని నా లెక్క.

ఇప్పుడు నాసిక్ సంగతి. కోట వదినగారికి షిరిడీ మొక్కుంది. మా ఇద్దరికీ మొక్కు లేదు గానీ పుట్టినప్పటినుంచీ తాగుతున్న గోదావరి నీళ్ళు ఎక్కడ పుడుతున్నాయో చచ్చేలోగా చూడాలని ఉంది. వదినగారి మేనకోడలు, తన భర్త ఉద్యోగం రీత్యా, నాసిక్‌లో ఉంటోంది, రండి అత్తా అని ఆ పిల్ల పిలవగానే, గూడెం అక్క గూడెంలో, మేం ఇద్దరం ఏలూరులో షిరిడీ రైలెక్కాం. చింతకాయ పచ్చడి, పెరుగన్నం, గూడెం అక్క కబుర్లు, దేనికీ లోటు లేదు. శుక్రవారం కొండ దగ్గరికి వెళ్ళి గోదావరి పుట్టినచోటు చూశాం. నాకు ఏడుపొచ్చింది. చెంబుతో ముంచుకునే పాటి నీళ్ళు, అవే మా కాలవల్లోకి వచ్చేసరికి మనిషిని ముంచే లోతవుతాయంటే దారిలో ఎన్ని చేతులు కలిశాయో కదా. గూడెం అక్క మాత్రం, ఇంత చిన్నప్పుడే ఎవరైనా అడ్డకట్ట వేసుంటే మన గతేంటే అంది.

శనివారం మేనకోడలు ద్రాక్షతోటకి తీసుకెళ్తానంది. అక్కడ వైను చేస్తారు, గ్లాసుల్లో కొంచెం కొంచెం పోసి రుచి చూపిస్తారు, ఇష్టం లేకపోతే తోట చూసి రావచ్చు అని దాచకుండానే చెప్పింది. నేను ముట్టను, తీగ మీద ద్రాక్ష చూస్తానన్నాను. ముప్పై ఏళ్ళు ద్రాక్ష నలిపిన చేతులు నావి, తీగ మీద ఒక్కసారీ చూసి ఎరగను. చూశాను. నల్లగా, దుమ్ము పట్టినట్టు పైన తెల్లటి పొరతో, గుత్తులు గుత్తులు. ఆ పొర తుడవకూడదు పెద్దమ్మగారూ, అదే పని చేసేది అంది మేనకోడలు. ఏం పని అని నేను అడగలేదు.

లోపల చల్లటి గది, బల్ల చుట్టూ ఎత్తు కుర్చీలు. ఒక మరాఠీ అమ్మాయి వచ్చి హిందీలో చెప్తుంటే మేనకోడలు తెలుగులో మాకు చెప్పింది. మా ముందు పళ్ళెంలో రొట్టె ముక్కలు పెట్టారు, ఒక రుచికీ ఇంకో రుచికీ మధ్య నోరు శుభ్రం కావడానికట. పక్కన గ్లాసులు. రొట్టె, గ్లాసు పక్కపక్కన కనబడగానే గూడెం అక్క చెయ్యి దానంతటదే తలమీదికి కొంగు లాగేసుకుంది.

“కొంగెందుకే ఇక్కడ?” అన్నాను.

“నువ్వూరుకోవే. రొట్టి ముందు తిని, తల వంచుకుని, తర్వాత గ్లాసు. క్రమం తప్పితే నాకు మింగుడు పడదు” అంది, అని నిజంగానే కళ్ళు మూసుకుని తాగింది. ఆ మరాఠీ పిల్ల మాట ఆపేసి, చేతులు కట్టుకుని నిలబడింది.

కోట వదినగారు రెండు చుక్కలు నాలుక మీద వేసుకుని మొహం చిట్లించింది. “ఏవండీ వదినగారూ, ఇది మా పిల్లలకి పోసే దగ్గుమందులాగుందండీ. దీనికోసం ఇంతదూరం రైలెక్కి రావాలాండీ జనం?”

ఇంతలో పక్క బల్ల దగ్గర నలుగురు చదువుకున్న మనుషులు, చక్కటి బట్టలు వేసుకున్నవాళ్ళు, గ్లాసులు తిప్పి, నోట్లో పోసుకుని, పుక్కిలించి, అక్కడున్న చిన్న స్టీలుబకెట్లో ఉమ్మేశారు. మా గుళ్ళో చివరి గ్లాసు అడుగున మిగిలిన చుక్కని సంఘపెద్ద నీళ్ళు పోసి కలిపి తాగుతాడు, ఆ కడిగిన నీళ్ళు కూడా మొక్క మొదట్లో పోస్తాం గానీ తూములో పొయ్యం. రుచి చూసేది మింగడానికి కాదట, తెలుసుకోవడానికట. మింగితే మత్తెక్కి రుచి తెలియదట. ఆ మాట విని నేను నవ్వాను కూడా.

అప్పుడు మూడో గ్లాసు వచ్చింది. నల్లద్రాక్షది, ముదురు రంగు. నేను తాగను గదా, కానీ నా ముందూ పెట్టారు. తాగకపోయినా వాసన చూడండి పెద్దమ్మగారూ అంది మేనకోడలు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

మా వెనకగది. పాతచీర ముక్క విప్పిన జాడీ. ఇరవై ఒకటో రోజు.

ఎలా చేస్తారో మళ్ళీ చెప్పమన్నాను. ఆ పిల్ల చెప్పింది, మేనకోడలు తెలుగు చేసింది. ద్రాక్ష నలుపుతారు. తొక్క మీది తెల్లపొరలో కంటికి కనిపించని పురుగులాంటిదేదో ఉంటుంది, అది తీపిని తింటుంది. తింటుంటే బుసబుసమని పొంగుతుంది. పొంగు ఆగేసరికి తీపి పోయి మత్తవుతుంది. రోజుకోసారి తిప్పాలి. వడకట్టి మళ్ళీ ఊరనివ్వాలి. పూర్వం జాడీల్లోనే చేసేవారు.

“ఇంట్లో చేసినా మత్తవుతుందా?” అని అడిగాను.

“ఎక్కడ చేసినా అవుతుంది పెద్దమ్మగారూ. పంచదార కూడా వేస్తే ఇంకా ఎక్కువే అవుతుంది.”

“గోధుమలు వేస్తే?”

ఆ పిల్లని అడిగి, ఇంకా తొందరగా పొంగుతుందట అని చెప్పింది.

“సారాలో ఉండేదీ ఇదేనా?”

“అదే. సారాని కాచి దించుతారు కాబట్టి ఎక్కువ ఉంటుంది, ఇందులో తక్కువ. ఉన్నది మాత్రం అదేనండి.”

నేను గ్లాసెత్తి తాగేశాను. ఒట్టు తెలిసే తెంపాను. వాసన పొరబడుతుందేమో, నాలుక పొరబడదు. గూడెం అక్క, నీకేం పట్టిందే అని అరిచింది. నాలుక మీద మా గుడి మొదటి ఆదివారం దిగింది. లవంగం ఒక్కటే తక్కువ.

“అక్కా, ఇది మనదే” అన్నాను.

గూడెం అక్క తన గ్లాసు మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆవిడ గొంతు తగ్గడం నేను జన్మలో అదొక్కసారే విన్నాను. “గొంతు దిగేటప్పుడు నాకెప్పుడూ వెచ్చగానే ఉండేదే. పరిశుద్ధాత్మ అనుకున్నాను.”

కోట వదినగారు గ్లాసు కింద పెట్టేసింది. “అయితే మీ తమ్ముడుగారు…” అని, అక్కడితో ఆగిపోయింది. అప్పుడే నేను గడియారం చూసింది.

ఒక పామును తాడనుకుని ఇంట్లో పెట్టుకున్నవాళ్ళ భయం వేరు, ఇది వేరు. తాడు కాదు పాము అని చెప్పినవాణ్ణి నేను ఆ పాము నోట్లో చెయ్యి పెట్టమన్నాను. సారాకొట్టు ముందు తొమ్మిది రోజులు కూర్చున్న మనిషిని, ఆ తొమ్మిది రోజులూ మా వెనకగదిలో జాడీ పొంగుతూనే ఉంది. తిరుగు రైల్లో వదినగారు పెరుగన్నం కలిపి చేతిలో పెడితే తిన్నాను. ఏలూరులో దిగాక ఇంటికి వెళ్ళకుండా, సంచీ భుజానే ఉంచుకుని కైకలూరు బస్సెక్కి, అక్కడ మారి ఆకివీడు చేరాను.

నా చిన్నప్పుడు అదంతా నీళ్ళూ తూడూ పక్షులూ. ఇప్పుడు రోడ్డుకి రెండు వైపులా చెరువులు, గట్ల మీద మేతబస్తాలు, ఐసుపెట్టెలు ఎత్తుకుని నిలబడ్డ లారీలు, పక్షుల్ని బెదిరించే టపాకాయలు. అడుగుతూ అడుగుతూ గట్టుమీద రేకుల గది దగ్గరికి వెళ్ళేసరికి మరదలు వల చిక్కులు తీస్తోంది. నన్ను చూసి లేవలేదు. లోపల నుంచి వాడే వచ్చాడు, తల సగం నెరిసింది, చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. నీళ్ళు తాగకుండానే చెప్పేశాను. ఎక్కడికెళ్ళానో, ఏం వాసన చూశానో, ఏం తాగానో. నీ మాటే నిజంరా, నా జాడీలో మత్తుంది అన్నాను.

“చెప్పాను గదక్కా” అన్నాడు.

మరదలు వల పక్కన పడేసింది. “ఇది తెలుసుకోడానికి నాసిక్ దాకా ఎల్లాలా వదినా? మా ఇంటికొత్తే నేనే చెప్పేదాన్ని గదా. ఆర్టీసీ బస్సే, పిలిస్తే ఆగుద్ది.”

పిల్ల గురించి అడిగాను. పెళ్ళయి భీమవరంలో ఉందట, ఆ రొయ్యలషెడ్డు చలికి వేళ్ళు ఇప్పటికీ తిమ్మిరెక్కుతాయట, తన కూతుర్ని మాత్రం బడి మానిపించనంటోందట. మరదలు ఇదంతా నా మొహం చూడకుండా చెప్పింది.

నేను క్షమించమని అడిగాను. రెండు చేతులూ పట్టుకుని అడిగాను. వాడు చేతులు విడిపించుకోలేదు, అలాగని పట్టుకోనూ లేదు. చెరువు వైపు చూస్తూ అన్నాడు.

“నాతో చెప్తే ఏం లాభం అక్కా, నాకు తెలుసు గదా. తెలియనోళ్ళతో చెప్పు. ఆ రోజు గుళ్ళో ఉన్నోళ్ళు నువ్వన్నది విన్నారు, నేను పడిపోవడం చూశారు. ఆళ్ళకింకా నేను గిన్నెని తిట్టినోణ్ణే.”

తర్వాతి మొదటి ఆదివారానికి వారం ముందే కొత్త అయ్యగారికి సంగతి చెప్పి, ఇకనుంచి ఎండుద్రాక్ష నానబెట్టి, మరిగించి, ఏ పూటకాపూట చేసి ఇస్తానన్నాను. ఆయన కుర్రాయన, నొచ్చుకోకుండా నవ్వి, శ్రమెందుకమ్మా, ఇప్పుడు మూతలేసిన చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో రొట్టె పైనా రసం కిందా పెట్టి అట్టపెట్టెల్లో వస్తున్నాయి, మత్తు లేనిదే, రెండేళ్ళు నిలవుంటుంది అన్నాడు. అవే తెప్పించారు. మంచిదే. ఎవరి నాలుకా లాగదు. కానీ నిజం చెప్పాలి కదా, మూత చింపితే చర్రుమని చప్పుడు తప్ప అందులోంచి ఏ వాసనా రాదు. శనివారం సాయంత్రం మా వీధంతా నల్లద్రాక్షా లవంగం వాసన పట్టి, రేపు బల్ల ఉందని చెప్పకుండానే పిల్లలకి తెలిసిపోయే రోజులు మళ్ళీ రావు. రాకూడదు కూడా. తప్పుడు వస్తువు మీద కూడా మనిషికి అంత ప్రేమ ఎలా ఉంటుందో నాకు అంతుపట్టదు. జాడీ ఇప్పుడు ఖాళీగా ఉంది. పగలగొట్టబోయాను, చెయ్యి రాలేదు.

ఆ ఆదివారం బల్ల అయ్యాక లేచి, పదకొండేళ్ళ కిందట ఎక్కడ నిలబడ్డానో అక్కడే నిలబడి, అప్పటంత గట్టిగానూ చెప్పాను. అయితే విన్నవాళ్ళలో సగంమంది కొత్తవాళ్ళు, వాళ్ళకి మా తమ్ముడెవరో తెలియదు. అందుకని ఆనాటి పదకొండుమందినీ వెతుక్కుంటూ ఇల్లిల్లూ తిరిగాను. మా తమ్ముడు ఇంకా గుడికి రాలేదు. వస్తాడనీ చెప్పలేను. పోయినవాళ్ళకి చెప్పే దారి లేక ఈ కాగితం పట్టాను. నలభై మూడో ఏట పట్టుబట్టి అక్షరాలు నేర్చుకున్నది ఎందుకో ఇన్నాళ్ళకి నాకు పని తగిలింది. ఆ తుఫాను ఆదివారం మా గుళ్ళో ఉన్నవాళ్ళు వీరు.

అయ్యగారు దేవసహాయంగారు, గతించారు. వారి భార్య గ్రేసమ్మగారు, గుంటూరులో కూతురి దగ్గరున్నారు, ఫోనులో చెప్పాను, చాలాసేపు ఏడ్చారు. సంఘపెద్ద పేతురు, చెవుడు వచ్చింది, మూడుసార్లు చెప్పాను, మూడోసారి వినపడింది. పాటలు మొదలెట్టే రూతమ్మ, నమ్మలేదు, మళ్ళీ వెళ్తాను. ఆమె భర్త ఇస్సాకు, గతించాడు. గూడెం అక్క సువార్తమ్మ. వానకి తడవకుండా వరండాలోకి వచ్చి నిలబడి, తలుపు పక్కనుంచి అంతా విన్న కోట వదినగారు, సత్యవతిగారు. మా మరదలు కరుణ. అప్పటికి పదోతరగతి చదువుతున్న దాని కూతురు జ్యోతి. లేచి నిలబడి మాట్లాడిన నేను, సంతోషమ్మని. నిజం చెప్పిన నా తమ్ముడు దానియేలు.